పర్లాకిమిడిలో తోలుపని: ఇంట్లో బల్ల మీద మొదటి కార్డు హోల్డరు వరకు

మా ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. ఆరేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో తెప్పించిన తోలుపని కిట్ అది, మొత్తం ముప్పై రెండు పనిముట్లు. వాటిలో ఇవాళ్టికీ నా చేతిలో ఉన్నవి మూడే. మిగతావి తుప్పు పట్టాయి. వాటితోపాటు 'ప్యూర్ లెదర్' అని చీటీ అంటించి ఒక ముక్క కూడా పంపారు. దాన్ని వంచితే మడత దగ్గర పైపొర బీటలిచ్చి కింద గుడ్డ కనబడింది. అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తలేదు.

అందుకని ఏం కొనాలో చెప్పేముందు ఏం కొనకూడదో చెప్తాను: కిట్లు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి ఊళ్ళలో తోలుపని సామాన్ల దుకాణం ఉండదు కాబట్టి కిట్ మీద ఆశ పుట్టడం సహజమే. కానీ ఆ పనిముట్లలో సగం పూలు, లతలు అచ్చు వేసే ముద్రలు. మొదటి ఏడాది వాటితో పని పడదు. కావలసిన వాటిలో చాలావరకు మన బజారులోనే ఉన్నాయి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర, కొమ్ము పనివాళ్ళ దగ్గర, వారం సంతలో, పిల్లల జామెట్రీ బాక్సులో.

ముందు తోలు సంగతి

మా బజారు మలుపులో చెప్పులు కుట్టే తాత ఒకాయన కూర్చుంటాడు. నేను కుట్టిన మొదటి పర్సు పట్టుకెళ్ళి చూపిస్తే, కుట్టు వైపు చూడనైనా చూడలేదు. ఒక మూల పట్టుకుని లాగాడు. మూల సాగింది. వదిలేస్తే వెనక్కి రాలేదు.

"ఏటి బావూ, పొట్ట తోలు పెట్టేసినావు. తోలు సూసి కొయ్యాల, స్కేలు సూసి కాదు" అన్నాడు.

అసలు పాఠం ఇదే. ఒకే జంతువు తోలు అంతా ఒకేలా ఉండదు. వెన్ను వెంబడి ఉండేది బిగువుగా, సమానమైన మందంతో ఉంటుంది. బెల్టులు, సంచి పట్టీలు అక్కడి నుంచే తీయాలి. భుజం దగ్గరిది కాస్త ముడతలతో ఉన్నా మంచిదే. పొట్ట, కాళ్ళ దగ్గరిది వదులుగా ఉండి సాగుతుంది, లోపలి చిన్న ముక్కలకు తప్ప పనికిరాదు. ముక్క చేతికి రాగానే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగి చూడండి. ఎటు తక్కువ సాగితే అటు వస్తువు పొడవు పెట్టుకోండి.

ఇక పచ్చి తోలు కుళ్ళకుండా పదును చేసే తీరు. పాత పద్ధతిలో చెట్టు బెరడు, కాయల రసంలో తోలును రోజుల తరబడి ఊరబెడతారు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ, ఇవే మన వైపు లందల్లో (తోలు ఊరబెట్టే తొట్లలో) వాడినవి. తిరుచ్చి, దిండిగల్, ఈరోడ్ వైపు నుంచి వచ్చే ఈస్ట్ ఇండియా లెదర్ కూడా ఈ పద్ధతిదే, కొల్హాపురి చెప్పులదీ ఇదే జాతి. దుకాణంలో వెజ్ టాన్ అని అడగాలి. రెండోది క్రోమియం లవణాలతో పదును చేసేది, క్రోమ్ అంటారు. త్వరగా తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, నీటికి ఓర్చుకుంటుంది. మార్కెట్లో కనబడే సంచులు, బూట్లలో ఎక్కువ భాగం ఇదే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు వెజ్ టాన్‌తోనే మొదలుపెట్టాలని నేనంటాను. కోసిన అంచు రుద్దితే నున్నగా మెరుస్తుంది, గీత గీస్తే నిలుస్తుంది, తడిపి వంచితే ఆ ఆకారంలోనే ఆరుతుంది. క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా పీచులాగే ఉంటుంది, దానికి అంచు రంగు పొరలు పొరలుగా వేసుకోవాలి. గుర్తుపట్టడానికి కోసిన అంచు చూడండి. లోపలంతా గోధుమరంగో, లేత చామనఛాయో ఉంటే వెజ్ టాన్ కావచ్చు. మధ్యలో నీలం, బూడిద కలిసిన రంగు కనబడితే క్రోమ్. పైన ఏ పూతా లేని వెజ్ టాన్ మీద నీటిచుక్క వేస్తే పీల్చుకుని నల్లబడుతుంది.

నకిలీ తోలు సంగతి ఇంకా తేలిక. వెనక్కి తిప్పండి. పీచు కనబడితే తోలు. నేతగుడ్డ కనబడితే రెగ్జిన్. మరీ అనుమానంగా ఉంటే ఒక పోగు కాల్చి చూడండి. తోలైతే జుట్టు కాలిన వాసన వస్తుంది, ప్లాస్టిక్ అయితే కరిగి ముద్ద కడుతుంది. బాండెడ్ లెదర్ అని ఇంకోటుంది. తోలు పొట్టును జిగురుతో కలిపి అట్టలా ఒత్తింది. దాన్ని ముట్టుకోకండి.

మన వైపు దొరికేవి ఎక్కువగా గేదె, మేక, గొర్రె తోళ్ళు. గేదెది దళసరి, పైముఖం గరుకు, బెల్టులకు మంచిది. మేకది పలచగా ఉన్నా గట్టిది, లోపలి జేబులకు దాన్ని మించింది లేదు. గొర్రెది వెన్నలా ఉంటుంది కానీ చిరుగుతుంది, సాగుతుంది. దానితో నేర్చుకోవద్దు.

మందం మిల్లీమీటర్లలో అడగండి. పర్సు, కార్డు హోల్డరుకి 1 నుంచి 1.2. పర్సు లోపలి జేబులకు 0.8. తాళాల గుత్తికి 2. సంచికి 1.8 నుంచి 2.5. బెల్టుకి 3 నుంచి 4. విదేశీ వీడియోల్లో ఔన్సుల లెక్క చెప్తారు. ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మి.మీ., అంతే.

అమ్మకం చదరపు అడుగుల లెక్కన. మనకు దగ్గరలో పెద్ద తోలు బజార్లు రెండే, ఒకవైపు కోల్‌కతా, ఇంకోవైపు చెన్నైలోని పెరియమెట్. బరంపురం మీదుగా రెండు వైపులకీ రైళ్ళున్నాయి కాబట్టి అటు వెళ్ళే చుట్టాలకి చెప్పి తెప్పించుకోవచ్చు. అయితే ముక్క చూడకుండా కొనేటప్పుడు మందం, ఏ జంతువుది, వెజ్ టానా క్రోమా అన్న మూడూ రాసి పంపమనండి, బిల్లు తీసుకోమనండి. సాధన కోసమైతే కిలో లెక్కన అమ్మే కటింగ్ ముక్కలు చాలు. బరంపురంలో ఒడియా దుకాణాల్లో 'చమడా' అని అడిగితే చెప్పులకు వాడే ముక్కలు చూపిస్తారు. మొదటి పది గంటల పని వాటి మీదే చేయండి.

పనిముట్లు

తాత నోట విన్న పేర్లు ముందు చెప్తాను. తోలు కోసే, పలచన చేసే వెడల్పు కత్తి రంపె. రంధ్రం పొడిచేది ఆరె. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ వీటికి ఇంగ్లీషు పేర్లు వెతుక్కుంటే బాగుండదు కదా. కొన్నిటికి మాత్రం మన మాట లేదు, అవి వాడుకలో ఉన్నట్టే రాస్తాను.

కోతకి: బ్లేడు విరిచి కొత్త మొన తెచ్చుకునే పెద్ద పేపర్ కట్టరు, 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, కింద వేసుకునే కటింగ్ మ్యాట్. ప్లాస్టిక్ స్కేలు వద్దు. కత్తి దాన్ని కోసేస్తుంది, తరవాత వేలిని.

గీతకి: జామెట్రీ బాక్సులోని డివైడర్. రెండు మొనల మధ్య 4 మి.మీ. ఉంచి, ఒక మొన తోలు అంచుకి ఆనించి నడిపిస్తే కుట్టు గీత పడుతుంది. దీనికోసం వేరే పనిముట్టు కొనడం దండగ. డివైడర్ మరలు వదులైతే కొలత జరిగిపోతుంది, ముందు బిగించుకోండి.

రంధ్రాలకి: డైమండ్ చిజిల్. ఫోర్కులా పళ్ళుండే ఉలి ఇది. రెండు పళ్ళది ఒకటి, నాలుగో ఆరో పళ్ళది ఒకటి, రెండూ 4 మి.మీ. ఎడంతో కొనండి. 3 మి.మీ. కుట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ తప్పులన్నీ పట్టిస్తుంది. డబ్బు పెట్టాల్సిన పనిముట్టు ఏదైనా ఉంటే ఇదే. చౌకవాటిలో పళ్ళ మొనలు మొద్దుగా ఉంటాయి, తోలును కోయకుండా చింపుతాయి. కొట్టడానికి కొయ్య సుత్తి. ఇనుప సుత్తితో కొడితే ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

కుట్టుకి: మొన మొద్దుగా ఉండే తోలు సూదులు రెండు, మైనం పూసిన పాలిస్టర్ దారం 0.8 మి.మీ. సూది మొద్దుగా ఎందుకంటే రంధ్రం ముందే ఉంటుంది. వాడి సూదైతే అవతలి దారాన్నీ తోలునీ పొడుస్తుంది. ఇంట్లో మామూలు దబ్బనాలుంటే మొనలు కాస్త అరగదీసి వాడుకోవచ్చు. తేనె మైనం కోసం సంతలో కొండ తేనె అమ్మేవాళ్ళని అడగండి. వేడినీళ్ళలో కరిగించి, వడగట్టి, చల్లారాక పైన తేలిన బిళ్ళ తీసుకుంటే చాలు.

జిగురుకి: ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు. తెల్ల ఫెవికాల్ కాదు, అది ఎండాక అట్టలా బిరుసెక్కుతుంది. రబ్బరు జిగురు వాసన తలనొప్పి తెస్తుంది, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా వాడండి.

మిగిలినవి 400, 800 నంబర్ల గరుకు కాగితం, అంచు రుద్దడానికి ఒక కొమ్ము ముక్క. కొమ్ము సంగతి తరవాత.

పదును

కొత్తవాళ్ళ పని చెడటానికి నూటికి తొంభై పాళ్ళు కారణం మొద్దు కత్తి అని నా నమ్మకం. మొద్దు కత్తి తోలును కోయదు, ముందు సాగదీసి తరవాత చీలుస్తుంది. అందుకే స్కేలు పెట్టి కోసినా గీత వంకర పోతుంది.

పేపర్ కట్టరైతే ప్రతి వస్తువు మొదలుపెట్టేముందు బ్లేడు మొన విరవండి. పిసినారితనం చూపించకండి. రంపె వాడేవాళ్ళయితే గాజు పలక మీద గరుకు కాగితం అంటించుకోండి. 400తో మొదలుపెట్టి 1000, 2000 వరకు వెళ్ళండి. ఏటవాలు ముఖం మొత్తం కాగితానికి ఆనాలి. వెనక వైపు చదునుగా పెట్టి అంచున లేచిన సన్న రేకు తీసేయండి. చివర ఒక చెక్కకి తోలు ముక్క అంటించి, దాని మీద ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి, కత్తిని వెనక్కి మాత్రమే లాగండి. ముందుకు తోశారంటే ఆ తోలు ముక్క రెండవుతుంది. సరిపడా పదునైతే న్యూస్‌పేపరు అంచు చప్పుడు లేకుండా తెగుతుంది. తాత మాత్రం ఇవేవీ చేయడు. సానరాయి మీద నాలుగుసార్లు, అరచేతి మీద రెండుసార్లు. అది మీరు చేయకండి.

కార్డు హోల్డరు, మొదటి నుంచి చివరి దాకా

బ్యాంకు కార్డు కొలత అన్ని దేశాల్లో ఒకటే, 85.6 మి.మీ. వెడల్పు, 54 మి.మీ. ఎత్తు. మన అయిదువందల నోటు 150 మి.మీ. పొడవు, 66 మి.మీ. వెడల్పు. సగానికి మడిస్తే 75 మి.మీ. ఈ రెండు కొలతలూ తెలిస్తే ఎవరి డిజైనూ అక్కరలేదు.

నాలుగు ముక్కలు కావాలి. పలకలు రెండు, ఒక్కోటి 100 × 74 మి.మీ. జేబులు రెండు, ఒక్కోటి 100 × 46 మి.మీ. పలకలు రెండూ వీపులు కలిపి మధ్యలో నోట్ల అర, బయట చెరోవైపు ఒక కార్డు జేబు. రెండు పక్కలా 4 మి.మీ. కుట్టుకి పోతే లోపల 92 మి.మీ. మిగులుతుంది. కార్డుకి చెరోవైపు 3 మి.మీ. వెసులుబాటు. జేబు లోతు 42 మి.మీ. కాబట్టి కార్డు 12 మి.మీ. పైకి కనబడుతుంది, బొటనవేలితో లాగడానికి అది చాలు. నాలుగు ముక్కలకీ కలిపి 240 చదరపు సెంటీమీటర్లు. చదరపు అడుగు అంటే 929. వృథా పోగా ఒక అడుగులో రెండు తప్పక వస్తాయి, ముక్క బాగుంటే మూడు.

ముందు పాత పెళ్ళి కార్డులతో చేసి చూడండి. దళసరి పెళ్ళి కార్డు మందం పలచటి తోలుకి దగ్గరగా ఉంటుంది, మన ఇళ్ళలో వాటికి కొదవ లేదు. కత్తిరించి, అంటించి, నిజం కార్డు దూర్చండి. కొలత తప్పుంటే ఇక్కడే తేలుతుంది.

కొయ్యడం. తోలు మీద పెన్సిలు వద్దు, ఆరె మొనతో మెల్లగా గీత గీయండి. స్కేలును అరచేతితో నొక్కిపట్టి, బలం పెట్టకుండా మొదటి కోత, అదే దారిలో రెండోది, అవసరమైతే మూడోది. ఒక్క దెబ్బకి తెగాలని ఒత్తితే స్కేలు జారుతుంది. మూల దగ్గర కత్తి అవతలికి పోతుందని భయముంటే, మూల నుంచి మొదలుపెట్టి బయటికి కోయండి. మూలలు గుండ్రంగా చేయాలనే సరదా మొదటిసారికి మానుకోండి. చదరపు మూలలే ఉంచి, చివర గరుకు కాగితంతో కాస్త మొద్దు చేస్తే చాలు.

అతికించకముందే చేయాల్సిన పని ఒకటుంది, దాదాపు అందరూ మర్చిపోతారు. జేబుల పై అంచులు, పలకల పై అంచులు ఇప్పుడే నున్నగా చేయాలి. కుట్టాక అక్కడికి చెయ్యి వెళ్ళదు. ఎలా చేయాలో కింద అంచుల దగ్గర చెప్పాను. పలకల వెనక వైపు పీచుకి కూడా ఇప్పుడే కాస్త బంకనీళ్ళు (తయారీ కూడా అంచుల దగ్గరే ఉంది) రాసి రుద్దండి, నోట్ల అర లోపల పొట్టు రాలకుండా ఉంటుంది.

అతికించడం. జేబును పలక ముందువైపు పెట్టి, ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టండి. పక్కలా, అడుగునా 4 మి.మీ. మేర పలక నునుపును గరుకు కాగితంతో గీకండి. నున్నటి ముఖానికి జిగురు నిలవదు. రెండు ముక్కలకీ పలచగా రాసి పది నిమిషాలు ఆగండి. వేలితో ముడితే అంటుకోనట్టు అనిపించాలి. అప్పుడు కలిపి గట్టిగా నొక్కండి. తడిగా ఉండగా కలిపితే అటూ ఇటూ జారుతుంది, ఆ జారుడును చాలామంది జిగురు తప్పనుకుంటారు. రెండు జేబులూ అయ్యాక పలకల వీపులకి కూడా పక్కలా, అడుగునా రాసి కలపండి. పైభాగంలో రాశారంటే నోట్ల అర మూసుకుపోతుంది. నేను రాశాను ఒకసారి.

అతికాక నాలుగు పొరల అంచులూ సమానంగా లేకపోతే కత్తితో సన్నగా తీసేసి, 400 కాగితంతో రుద్ది ఒకే గోడలా చేయండి. తరవాత డివైడర్‌తో మూడు వైపులా కుట్టు గీత గీయండి.

రంధ్రాలు. అడుగు మూలల్లో రెండు గీతలు కలిసిన చోట ఆరెతో గుర్తు. అక్కడి నుంచి ఉలి మొదటి పన్ను పెట్టి అడుగు గీత కొట్టుకుంటూ వెళ్ళండి. 92 మి.మీ.లో 4 మి.మీ. చొప్పున సరిగ్గా 23 కుట్లు పడతాయి. పక్కన మూల నుంచి పైకి 17 కుట్లు, పైన 2 మి.మీ. మిగులుతుంది. మొత్తం 58 రంధ్రాలు. ఈ కొలతల్లో ఇంకో సుఖముంది. జేబు పై అంచు సరిగ్గా రెండు రంధ్రాల మధ్య పడుతుంది, కాబట్టి దారం ఆ మెట్టును దాటుకుని జేబు మూలను పట్టేస్తుంది. రోజూ కార్డు తీసేటప్పుడు ముందు ఊడేది ఆ మూలే.

ఉలి నిటారుగా ఉందో లేదో ముందు నుంచీ, పక్క నుంచీ చూసుకుని కొట్టండి. పొరలన్నీ కలిపి నాలుగు మి.మీ. మందం. పైన కాస్త వాలినా వెనకవైపు గీత పాములా తిరుగుతుంది. ఉలి పళ్ళను మైనం బిళ్ళలో గుచ్చి తీస్తే బయటికి రావడం తేలిక. లాగేటప్పుడు ఊపకుండా, తోలును రెండో చేత్తో నొక్కిపట్టి నిటారుగా లాగండి.

దారం ఎంత? ఒక కుట్టు పొడవు 4, మందం 4, కలిపి 8. రెండు సూదులకీ 16. అంటే కుట్టు గీతకి నాలుగింతలు. గీత సుమారు 23 సెంటీమీటర్లు, నాలుగింతలు 92, చేతికి చిక్కడానికి ఇంకో 40. ఒకటిన్నర మీటరు కోసుకోండి. దళసరి వస్తువైతే మందం పెరిగిన మేరకు లెక్క మళ్ళీ వేసుకోండి. సగంలో దారం అయిపోతే వచ్చే టెన్షన్ పడినవాళ్ళకే తెలుసు.

కుట్టు. దారం రెండు కొసలకీ చెరో సూది. వస్తువును మోకాళ్ళ మధ్య రెండు ప్లైవుడ్ ముక్కల్లో బిగించుకుంటే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. మొదటి రంధ్రంలో ఒక సూది దూర్చి, రెండు వైపులా దారం సమానం చేయండి. రెండో రంధ్రంలో ముందు ఎడమ సూది వెళ్ళాలి, దారం పూర్తిగా లాగాలి. ఆ దారాన్ని రంధ్రంలో ఒక పక్కకి నొక్కిపట్టి, మిగిలిన ఖాళీలో కుడి సూది దూర్చండి. లాగేముందు మొదటి దారాన్ని అటూ ఇటూ కదిపి చూడండి. కదిలితే సూది దాన్ని పొడవలేదని అర్థం. కదలకపోతే సూది వెనక్కి తీయండి. ఇప్పుడు రెండు చేతులూ ఒకే బలంతో బయటికి లాగాలి. తోలు ముడుచుకునేంత కాదు, దారం గీతలో కూర్చునేంత.

ఎడమ ముందు, కుడి తరవాత. దారాన్ని ఏ పక్కకి పట్టారో చివరి రంధ్రం దాకా అదే పక్క. ఇది ఒక్కచోట మారినా ఆ కుట్టు మిగతావాటి వరసలో వాలదు. నా మూడో కార్డు హోల్డరు తాతకి చూపించినప్పుడు మూల లాగాడు, ఈసారి మూల వెనక్కి వచ్చింది. సంతోషించేలోపే వెనక్కి తిప్పి, గోరుతో అడుగు గీత మీద నడుచుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. "ఇక్కడ ఫోన్ వచ్చినాది కదా బావూ." నిజంగానే వచ్చింది.

చివర రెండు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారం దగ్గరగా కోసి, లైటరు సెగ చూపిస్తే పాలిస్టర్ కరిగి గుండుసూది తలలా అవుతుంది. వెంటనే నొక్కేయండి. నార దారమైతే సెగ పనికిరాదు, చిటికెడు జిగురుతో లోపలికి తోసేయాలి. అయిపోయాక కుట్టు మీద సుత్తితో మెల్లగా తట్టండి, వరస చదునవుతుంది. మిషన్ కుట్టు ఒకచోట తెగితే వరసగా ఊడుతుంది. ఈ రెండు సూదుల కుట్టులో ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. ఇన్ని గంటలు కూర్చుని చేత్తో కుట్టేది అందుకే.

నేర్పినవాళ్ళకి ఏమైనా ఇవ్వండి, అన్నట్టు. మనకిది ఆదివారం సరదా. మాదిగ కుటుంబాలు తరతరాలుగా అంటరానితనం భరిస్తూ చేసిన పని ఇది, తాత మనతో కూర్చున్న గంట ఆయన సంపాదన గంట. టీ తాగించి సరిపెట్టకండి.

అంచులు, కొమ్ము ముక్క

పర్లాకిమిడి కొమ్ము పని పేరు విననివాళ్ళు మన వైపు తక్కువ. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. అవి చెక్కగా మిగిలిన చదును ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అంచున తోలు మందం పట్టేంత గాడి గీయించుకుని, 2000 కాగితంతో గాడి లోపల నున్నగా చేసుకున్నాను. అంచు రుద్దడానికి ఆన్‌లైన్‌లో దొరికే కొయ్య స్లికర్ కన్నా ఇదే బాగా పనిచేస్తుంది. తడికి ఉబ్బదు, వేడికి అంటుకోదు.

అంచు మీద 400 కాగితం, తరవాత 800. అంచు పైకోణాన్ని, దాన్ని చెక్కే బెవెలర్ అనే పనిముట్టు ఉంటే దానితో, లేకపోతే కాగితాన్నే ఏటవాలుగా పెట్టి మొద్దు చేయండి. బంకకి వేసవిలో షర్బత్‌లో వేసుకునే గోంద్ కతీరా నాలుగు పలుకులు రాత్రి నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టండి. జారుడుగా, గంజిలా ఉండాలి. వేలితో అంచుకి మాత్రమే రాయండి. పక్కకి కారితే మచ్చ పడుతుంది. అర నిమిషం ఆగి కొమ్ము గాడిలో అంచు పెట్టి, బలంగా కాదు, వేగంగా రుద్దండి. మొదట్లో చరచరమని గరుకు చప్పుడు వస్తుంది. ఇరవై, ముప్పై రుద్దుళ్ళకి చప్పుడు సన్నబడి జర్రుమని జారడం మొదలవుతుంది. అంచు రంగు ముదిరి, నాలుగు పొరల మధ్య గీతలు మాయమవుతాయి. ఆ చప్పుడు మారడమే గుర్తు, అప్పుడు ఆపండి. ఆరాక 800తో మళ్ళీ తేలిగ్గా రుద్ది, ఇంకోసారి బంక, ఇంకోసారి కొమ్ము. చివర మైనం బిళ్ళ అంచు మీద గీసి, గుడ్డతో వేడి పుట్టేలా రుద్దండి.

మొత్తం పనిలో అంచులకి నాకు పట్టే టైము కుట్టుకి పట్టేంత. తగ్గించే దారి నాకు కనబడలేదు.

రంగు, నల్ల మచ్చలు

కత్తి నూరిన చేతులతో తడి తోలు పట్టుకున్నాను ఒకసారి. నా వేలిముద్రలు నల్లగా పడ్డాయి. బెరడు, కరక్కాయలోని వగరుకి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. కలంకారీలో కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ మీద, ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసిమితో నల్ల గీత గీసేదీ ఇదే లెక్క. కాబట్టి తోలు తడిపేముందు చేతులు కడుక్కోండి, ఇనప గిన్నె వాడకండి. చిన్న మచ్చ పడితే నిమ్మరసం రాసి, తడిగుడ్డతో తుడిస్తే పలచబడుతుంది.

అదే గుణాన్ని పనికి వాడుకోవచ్చు. తుప్పు మేకులు గాజు సీసాలో వేసి వెనిగర్ పోసి, మూత వదులుగా పెట్టి వారం పది రోజులు ఉంచండి. వడగట్టి వెజ్ టాన్ ముక్క మీద రాస్తే కళ్ళముందే నల్లబడుతుంది. పైన పూసిన రంగు కాదు కాబట్టి చొక్కాకి అంటదు. తరవాత వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి తుడిచి, మంచినీళ్ళతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. క్రోమ్ తోలు మీద ఇది పారదు.

నూనె విషయంలో చేయి బిగపట్టండి. కిర్రు చెప్పులకి ఆముదం పట్టించినట్టు పర్సుకి పట్టిస్తే నోట్లన్నీ జిడ్డు. గుడ్డ మీద రెండు చుక్కలు వేసి, పలచగా తుడిచి వదిలేయండి.

బెల్టు గురించి రెండు ముక్కలు

కుట్టు లేని బెల్టు కార్డు హోల్డరు కన్నా తేలిక, ముక్క దొరకడమే కష్టం. వెన్ను వెంబడి నాలుగడుగుల పైన పొడవు కావాలి. జీన్స్‌కి 35 మి.మీ. వెడల్పు, మామూలు ప్యాంటుకి 30. కొలతకి నడుము కాదు, పాత బెల్టు కొలవండి, బకిల్ కడ్డీ నుంచి మీరు పెట్టుకునే రంధ్రం దాకా. అదే మధ్య రంధ్రం, దానికి అటు రెండు, ఇటు రెండు, 25 మి.మీ. ఎడంతో. బకిల్ దగ్గర మడత వచ్చే చోట వెనకవైపు రంపెతో సగం మందం తీయాలి, లేకపోతే అక్కడ ముద్దగా లేస్తుంది. ఈ ఒక్క పని మొదటిసారి తాత చేతే చేయించుకోండి.

వానాకాలం

జూన్ నుంచి అక్టోబరు దాకా మన వైపు గాలిలో తడికి తోలు మీద తెల్ల బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో దాస్తే ఇంకా త్వరగా. పాత చీర గుడ్డలోనో, న్యూస్‌పేపర్లోనో చుట్టి, మడత పెట్టకుండా గొట్టంలా చుట్టి, బీరువా పై అరలో పెట్టండి. గోడకి ఆనించొద్దు. పదిహేను రోజులకోసారి విప్పి ఫ్యాన్ కింద గంటసేపు ఆరబెట్టండి, ఎండలో కాదు. ఎండకి వెజ్ టాన్ పైభాగం ముదురు రంగుకి తిరిగి, మడత పెట్టిన చోట గీత మిగిలిపోతుంది. బూజు పట్టేస్తే ఇంటి బయట పొడిగుడ్డతో తుడిచి, సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌లో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. నీడలో పూర్తిగా ఆరాకే మళ్ళీ చుట్టాలి. ఆ చుట్టిన గుడ్డను కూడా ఉతకాలి, లేకపోతే వారానికే బూజు మళ్ళీ కనబడుతుంది.